తప్పిపోని పిల్ల కోసం వెతుకులాట

బ్రానమ్ కౌంటీ పాఠశాలల బోర్డు,
కెంటకీ,
సెప్టెంబరు 9

గౌరవనీయులైన శ్రీమతి డెల్ఫియా రాట్లిఫ్ గారికి,

విషయం: మీ మనవరాలు కుమారి కోరీని (మూడో తరగతి) కనుగొనుట గురించి.

మా కౌంటీ పరిధిలోని పిల్లలను వెతికి, కనుగొని, గుర్తించి, మదింపు చేయవలసిన బాధ్యత చట్టరీత్యా ప్రభుత్వ పాఠశాలలపై ఉన్నది. అందులో భాగంగా మీ మనవరాలిని కనుగొనే ప్రక్రియ ప్రారంభమైనదని తెలియజేయడమైనది. జతపరచిన అంగీకార పత్రం (ఆరు పేజీలు) చదివి, సంతకం చేసి, పది రోజుల్లోగా పంపగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
లీలండ్ ప్రూయిట్,
ప్రత్యేక విద్యా విభాగం అధికారి


డటన్ లోయ,
సెప్టెంబరు 12

అయ్యా ప్రూయిట్ గారూ,

మీ ఉత్తరం మధ్యాహ్నం పూట వచ్చింది. "కోరీని కనుగొనుట" అన్న ముక్క చదవగానే పొయ్యి ఆర్పేశాను. పొద్దున నా చేతులతో బస్సెక్కించిన పిల్ల. రొట్టెల పిండి చేతులతోనే రోడ్డు మీదికి పరిగెత్తాను. డెబ్బై ఒకటో ఏట నేను పరిగెత్తగలనని నాకే తెలియదు. దారిలో షెరీఫ్ నేపియర్ బండి ఆపాడు. ఇద్దరం వంతెన దగ్గర నిలబడ్డాం. మూడూ నలభైకి బస్సు వచ్చింది, కోరీ దిగింది. జడ ఊడింది తప్ప పిల్ల మొత్తం ఉంది.

కాబట్టి పిల్ల దొరికింది. మీ వెతుకులాట ఆపేయండి. దాని తల్లి, అంటే నా కూతురు, దూరాలకి లారీ నడుపుతుంది. నెలకి రెండుసార్లు ఇంటికొస్తుంది. కోర్టు కాగితం ప్రకారం పిల్లకి పెద్దదిక్కుని నేనే. దాన్ని పోగొట్టుకునేంత మతిమరుపు నాకింకా రాలేదు.

ఇక మదింపు సంగతి. వెనకటికి మీ కౌంటీ మనిషొకడు మదింపు అంటూ వచ్చి, నా గొడ్ల కొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది నిలబడదు" అని రాసుకుపోయాడు. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. కొట్టం ఇవాళ్టికీ నిలబడే ఉంది, రాసినాయనే లేడు. నా మనవరాలి చుట్టూ అలా ఎవరూ తిరగడానికి వీల్లేదు. మీ ఫారంలో "వద్దు" అన్న గడిలో గుర్తు పెట్టి పంపుతున్నాను.

ఉంటాను,
డెల్ఫియా రాట్లిఫ్

తా.క.: షెరీఫ్ మీ ఆఫీసుకి కూడా వస్తానన్నాడు. తప్పిపోని పిల్ల తప్పిపోయిందని అందరికంటే ముందు రాసినవాడికి ఏం తెలుసో కనుక్కోవాలట.


బ్రానమ్ కౌంటీ పాఠశాలల బోర్డు,
సెప్టెంబరు 17

శ్రీమతి రాట్లిఫ్ గారికి,

మిమ్మల్ని కంగారు పెట్టినందుకు క్షమించండి. ఆ ఉత్తరం అందరికీ ఒకేలా వెళ్లే అచ్చు ఉత్తరం. ఇక మీకు నేనే రాస్తాను.

కోరీ తప్పిపోలేదు. "కనుగొనడం" అంటే, బడిలో కళ్లెదుటే కూర్చున్నా చదువు పట్టుబడక ఇబ్బంది పడుతున్న పిల్లలెవరో తెలుసుకోవడం. "మదింపు" అంటే పిల్లకి వెల కట్టడం కాదు. కొన్ని చిన్న పరీక్షలు పెట్టి, ఇబ్బంది ఎక్కడుందో చూడడం. కోరీ టీచరు మిస్ ఎవర్సోల్ గారికి ఆ పిల్లకి డిస్లెక్సియా ఉందేమోనని అనుమానంగా ఉంది. అలాంటి అనుమానం వచ్చాక మేం ఊరుకోవడం చట్టం ఒప్పదు.

మీరు "వద్దు" అన్నారు గనక మీ అనుమతి లేనిదే పరీక్షలు మొదలుపెట్టను. కానీ అడగడం మానను.

ఇట్లు,
లీలండ్ ప్రూయిట్

తా.క.: షెరీఫ్ గారు నిన్న వచ్చారు, వేటకుక్కతో సహా. ఆ కుక్క ఆఫీసంతా తిరిగి నా మధ్యాహ్నం భోజనాన్ని కనుగొంది. చట్టరీత్యా దానికి ఆ బాధ్యత లేదు.


డటన్ లోయ,
సెప్టెంబరు 23

అయ్యా ప్రూయిట్ గారూ,

పిల్లకి జబ్బుందన్న మాట ముందే చెప్పి ఏడవచ్చు కదా. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. ఆదివారం చర్చిలో నా ఆడపడుచు ఓపల్‌ని అడిగాను. ఓపల్‌కి తెలియని జబ్బు లేదు, సగం జబ్బులు తనకి వచ్చినవే. అది బావి నీళ్ల వల్ల వస్తుందనీ, ముక్కులోంచి పాకుతుందనీ చెప్పింది. అందుకని మూడు రోజులుగా కోరీని బడికి పంపలేదు. మీ బస్సులో నలభై మంది పిల్లలున్నారు, వాళ్ల ఉసురు నాకెందుకు. ఓపల్ ఏవో వేళ్లు తెచ్చి కషాయం కాచింది. కోరీ ఒక గుక్క తాగి, తనకి నయమైపోయిందని చెప్పింది.

అయినా నాకొకటి అర్థం కావడంలేదు. మా పిల్లకి చదువు రాదంటారేమిటి? ఆదివారం పాస్టరు చెప్పిన ప్రసంగం మొత్తం సోమవారం పొద్దున కోళ్లకి అప్పజెప్పింది, ఆయన దగ్గు కూడా వదలకుండా. గడ్డి కోసే యంత్రం విప్పి మళ్లీ బిగించింది. రోజూ సాయంత్రం తన కథల పుస్తకం నాకు చదివి వినిపిస్తుంది, ఒక్క తప్పు లేకుండా. మీ టీచరమ్మకే కళ్లద్దాలు కావాలేమో చూడండి.

మా వైపు వాళ్లెవరికీ ఇలాంటివి లేవు. అల్లుడి వైపు సంగతి నాకు తెలియదు.

డెల్ఫియా రాట్లిఫ్

తా.క.: కషాయం మిగిలింది. ఓపల్ మీకో సీసా పంపమంది. తాగితే ఉత్తరాలు తేలిగ్గా అర్థమయ్యేలా రాస్తారేమోనని.


బ్రానమ్ కౌంటీ పాఠశాలల బోర్డు,
సెప్టెంబరు 26

శ్రీమతి రాట్లిఫ్ గారికి,

దయచేసి కోరీని రేపే బడికి పంపండి. ఇది అంటుకునేది కాదు, జబ్బూ కాదు. తెలివితక్కువతనం అసలే కాదు. మీరు రాసిన కోళ్ల ప్రసంగం చదివాక, ఆ పిల్ల తెలివి గురించి ఈ ఆఫీసులో ఎవరికీ సందేహం లేదు. కొందరు పిల్లలకి అక్షరాన్నీ దాని శబ్దాన్నీ జతకూర్చడం మిగతావాళ్లకి వచ్చినంత సులువుగా రాదు. వాళ్లకి వేరే పద్ధతిలో, ఓపిగ్గా నేర్పాలి. నేర్పితే వస్తుంది.

మీరొక చిన్న పని చేసి చూడండి. కోరీ ఎప్పుడూ చూడని కాగితం ఏదైనా, బొమ్మలు లేనిది, చేతికిచ్చి చదవమనండి. కోప్పడకండి. ఏమైందో నాకు రాయండి.

ఇట్లు,
లీలండ్ ప్రూయిట్

తా.క.: కషాయానికి ధన్యవాదాలు. కానుకలు తీసుకోవడం మాకు నిషిద్ధం. ఇంత సంతోషంగా నేను ఇంతవరకూ ఏ నియమమూ పాటించలేదు.


డటన్ లోయ,
అక్టోబరు 1

ప్రూయిట్ గారికి,

మొక్కజొన్న పిండి సంచి వెనక వంట చేసే విధానం అచ్చు వేసి ఉంటుంది. నిన్న అది కత్తిరించి కోరీకిచ్చాను. చాలాసేపు చూసింది. వేలు పెట్టి, గొంతు సర్దుకుని చదివింది: "ఈ పిండి చాలా మంచిది. నీళ్లు పొయ్యండి. మామ్మకి ముందు పెట్టండి."

అందులో మామ్మ లేదండీ. నీళ్లు కూడా లేవు, మజ్జిగ అని ఉంది.

ఆ ముక్క మడిచి పక్కన పెట్టాను. దానికే తెలిసిపోయింది. బల్ల కిందికి దూరి కూర్చుంది. నేనూ దూరాను, మోకాళ్లు ఒప్పుకోకపోయినా. అప్పుడు చెప్పింది. కథల పుస్తకం మొత్తం వాళ్లమ్మ ఫోనులో చదివితే కంఠతా పట్టిందట. పేజీ ఎక్కడ తిప్పాలో బొమ్మల్ని బట్టి తెలుస్తుందట. బడిలో చదవమన్నప్పుడల్లా కడుపునొప్పి అంటుందట. "నా బుర్ర పాడైపోయింది మామ్మా, ఎవరికీ చెప్పకు" అంది.

ఇప్పుడు నేను "వద్దు" అని ఎందుకు పెట్టానో అసలు కారణం రాస్తాను. కొట్టం కాదు. నాకు హోబర్ట్ అని ఒక అన్న ఉండేవాడు. మా వైపు ఎవరికీ లేదని రాసింది అబద్ధం. పదేళ్లకి వాడికి పేరు రాయడం కూడా రాలేదు. అప్పుడు బడివాళ్లు వాణ్ని "కనుగొన్నారు". వెనక గదిలో బొగ్గుల బస్తాల పక్కన కూర్చోబెట్టారు, ఏడాది తరవాత "వీడికి చదువు చెప్పలేం, తీసుకుపోండి" అని మా నాన్నతో అన్నారు. వాడు జీవితమంతా కుర్చీలు చేశాడు. మంచి కుర్చీలు. కానీ ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయానని చెప్పేవాడు. వాడికి కళ్లద్దాలే లేవు.

కోరీని ఆ గదిలో కూర్చోనివ్వను.

ఇంకో మాట. పిల్ల మూడేళ్లుగా మీ బడికి వస్తోంది. వెతకడం మీ బాధ్యత అంటున్నారు. ఈ మూడేళ్లూ ఎక్కడ వెతికారు?

డెల్ఫియా రాట్లిఫ్


బ్రానమ్ కౌంటీ పాఠశాలల బోర్డు,
అక్టోబరు 4

శ్రీమతి రాట్లిఫ్ గారికి,

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు కోసం పాత ఫైళ్లు తీశాను. కోరీ ఒకటో తరగతిలో ఉన్నప్పుడే అప్పటి టీచరు ఒక చీటీ రాసి పంపింది: "ఈ పిల్లని ఎవరైనా చూస్తే బాగుంటుంది." దాని కింద ఎర్ర సిరాతో "వయసు వస్తే సర్దుకుంటుంది, ఆగి చూద్దాం" అని రాసి ఉంది. ఆ తరవాత ఆ చీటీ ఏడాదికి పైగా సొరుగులో ఉండిపోయింది.

ఎర్ర సిరాతో రాసింది నేను. అలా ఆగడానికి చట్టం వీలివ్వదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. పని ఎక్కువగా ఉంది, పిల్ల అల్లరి చెయ్యడం లేదు, అంతే. మీరు దీనిమీద పై అధికారులకి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఎలా చెయ్యాలో మీ హక్కుల పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉంది. పుస్తకం జతపరిచాను.

ఇక మీ అన్నగారి సంగతి. పంతొమ్మిది వందల డెబ్బై అయిదులో ఈ చట్టం వచ్చింది అలాంటి పిల్లల కోసమే. వీడికి చెప్పలేం, తీసుకుపోండి అనే హక్కు అప్పటితో బళ్లకి పోయింది. తల్లిదండ్రులు వచ్చి అడిగేదాకా కూర్చోకుండా, మేమే వెళ్లి వెతకాలని అందులో రాశారు. వెనక గది ఉండదు. కోరీ తన తరగతిలోనే, తన స్నేహితుల పక్కనే ఉంటుంది. రోజూ కాసేపు విడిగా చదువు నేర్పుతాం. పరీక్షలకీ నేర్పడానికీ మీరేమీ ఇవ్వక్కర్లేదు.

మీరు మళ్లీ "వద్దు" అన్నా నాకు అర్థమవుతుంది.

లీలండ్ ప్రూయిట్


డటన్ లోయ,
అక్టోబరు 21

నాయనా లీలండ్,

నువ్వు ఆల్మా ప్రూయిట్ కొడుకువని ఓపల్ చెప్పింది. మీ అమ్మా నేనూ పదేళ్లు ఒకే చట్రం మీద బొంతలు కుట్టాం. ఆమె కుట్టు తప్పు పడితే ఎవరూ చూడకముందే విప్పేసేది కాదు, "ఇదిగో, తప్పు కుట్టాను" అని అందరికీ చూపించి మరీ విప్పేది. నీ ఉత్తరం చదివాక ఓపల్ మాట నమ్మాను. ఇక నిన్ను గారూ గీరూ అనలేను.

రెండు వారాలు నీ మీద కోపంతోనే ఉన్నాను. ఫిర్యాదు రాద్దామని పద్నాలుగో పేజీ తీశాను. అక్కణ్ణుంచి పదిహేను, అక్కణ్ణుంచి చివరిదాకా, మళ్లీ మొదటినుంచి చదివాను. ఇంత మంచి పుస్తకం ఇన్నాళ్లూ నాకెవరూ ఇవ్వలేదేం?

కోరీని అడిగాను. "బుర్ర పాడైందో లేదో వాళ్లు చూస్తారా?" అంది. "పాడవలేదని చూస్తారు" అన్నాను. సరేనంది. ఫారం మీద సంతకం పెట్టి పంపుతున్నాను. పరీక్షలు ముగించి ఫలితం చెప్పడానికి ఇవాళ్టినుంచి నీకు అరవై బడి రోజులు గడువని పుస్తకంలో ఉంది. ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండరు మీద గీతలు గీసి పెట్టాను.

మామ్మ డెల్ఫియా

తా.క.: మంచు కురిసి బడి మూసిన రోజులు లెక్కలోకి రావని ఆరో పేజీలో ఉంది. ఇదేం న్యాయం? మంచు పడిన రోజు కూడా పిల్లకి చదువు రాదుగా.


డటన్ లోయ,
నవంబరు 18

నాయనా లీలండ్,

పంతొమ్మిది గీతలు కొట్టేశాను. ఇంకా ఎవరూ రాలేదు.

ఈలోగా ఖాళీగా ఉండడం ఎందుకని నేనూ వెతకడం మొదలుపెట్టాను. మూడేళ్లనుంచి ఇరవై ఒక్క ఏళ్లదాకా, ప్రైవేటు బళ్లో చదివేవాళ్లయినా ఇంట్లో చదివేవాళ్లయినా, అందరినీ మీరే వెతకాలని పుస్తకంలో ఉంది కదా. మీ ఆఫీసులో ముగ్గురే ఉన్నారు, మా లోయలో ఇళ్లు అరవై. పిండి సంచి వెనక ముక్క సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగాను. తొమ్మిది మంది పిల్లల పేర్లు ఈ కాగితం వెనక రాశాను. ఒకడికి నెలకి రెండుసార్లు కడుపునొప్పి. ఒకమ్మాయి నా దగ్గర ముక్క లాక్కుని కిటికీలోంచి పారేసింది, దాని పేరు మొదట రాశాను. పదో పేరు మా చర్చి పెద్ద గార్నెట్ కూంజ్. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడతాడు, శ్రుతి మాత్రం తప్పదు. వయసు యాభై నాలుగు.

మామ్మ డెల్ఫియా

తా.క.: షెరీఫ్ కూడా పిండి సంచి చదివాడు. బాగానే చదివాడు. కుక్క తినేసింది.


బ్రానమ్ కౌంటీ పాఠశాలల బోర్డు,
నవంబరు 24

మామ్మగారికి,

సోమవారం నుంచి కోరీకి పరీక్షలు మొదలవుతాయి. మీ గీతల గురించి ఆఫీసులో అందరికీ చెప్పాను. ఇప్పుడు మా గోడ మీద కూడా ఎరువుల దుకాణం క్యాలెండరే ఉంది.

మీ తొమ్మిది మందిలో ఇద్దరి ఫైళ్ల మీద "సోమరి" అని రాసి ఉంది. ఈసారి ఎర్ర సిరా నాది కాదు, అయినా సిగ్గేసింది. తొమ్మిది ఇళ్లకీ నేనే వెళ్తున్నాను. అచ్చు ఉత్తరాలు పంపడం మానేశాను. మీ లోయలో షెరీఫుకి వేరే పనులుంటాయి కదా.

కూంజ్ గారు ఈ చట్టం కిందికి రారు. ఆ సంగతి ఆయనకే ఫోనులో చెప్పాను. అయినా మంగళవారం శుభ్రంగా తల దువ్వుకుని బడికి వచ్చి, మూడో తరగతి పిల్లల కుర్చీలో కూర్చున్నారు. లెమ్మనడానికి ఎవరికీ మనసొప్పలేదు. పెద్దవాళ్లకి గ్రంథాలయంలో చదువు నేర్పే ఆవిడకి అప్పజెప్పాను.

లీలండ్


డటన్ లోయ,
ఫిబ్రవరి 6

నాయనా లీలండ్,

యాభై ఏడో గీత దగ్గర మీటింగు పెట్టావు. మూడు గీతలు మిగిలాయి, అవి నీకే వదిలేశాను.

ఆ రోజు అంతమంది ముందు చెప్పడం కుదరలేదు గనక ఇప్పుడు రాస్తున్నాను. కోరీకి డిస్లెక్సియా ఉందని నువ్వన్నప్పుడు నేను ఏడుస్తాననుకున్నాను. పక్కన కూర్చున్న కోరీ "అంటే దానికి పేరుందా?" అని అడిగింది. పేరుంటే అది తనొక్కదానికే ఉన్నది కాదని దాని లెక్క. ఇంటికొచ్చే దారంతా పాడుతూనే ఉంది. మిస్ ఎవర్సోల్ ఇసుక పళ్లెంలో అక్షరాలు రాయిస్తోందట, వేలితో రాస్తూ శబ్దం పలకాలట. నిన్న ఉప్పు డబ్బా మీద "ఉప్పు" అని చదివింది. పక్కనున్న చక్కెర డబ్బా మీద కూడా "ఉప్పు" అనే చదివింది. ఫరవాలేదు, సగం సరే కదా.

ఇంకో సంగతి. మీటింగు మొదలవకముందు నేను వరండాలో కూర్చున్నాను. పక్క బల్ల మీద నీలం కోటు వేసుకున్న పిల్లొకతి బొమ్మలు గీస్తోంది. ఆరో తరగతట, పేరు నెల్ అంది. "గోడమీద ఆ నోటీసులో ఏముందమ్మా, నాకు ఆనడం లేదు" అన్నాను. నాకు బాగానే ఆనుతోంది. ఆ పిల్ల అటు చూసి, నవ్వి, "మీకు అక్కర్లేనిదే లెండి" అంది. ఆ తరవాత నా బొంత సంచి గురించి ఇరవై ప్రశ్నలడిగింది, నేను నోటీసు మాట మళ్లీ ఎత్తకుండా. లీలండ్, అచ్చం మా హోబర్ట్ కళ్లద్దాలే. ఆ పిల్లని ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదు. నువ్వు వెళ్లి కనుక్కో. కనుక్కున్నాక, ఇంట్లో వాళ్లని నా మాటగా నాలుగు చీవాట్లు పెట్టు. ఆరో తరగతిదాకా ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటూ కన్నబిడ్డ సంగతి కనిపెట్టలేదంటే, వాళ్లవి కళ్లా, కోటు గుండీలా?

మామ్మ డెల్ఫియా


ప్రూయిట్ ఇల్లు,
ఫిబ్రవరి 10

మామ్మగారికి,

ఇది ఆఫీసు కాగితం కాదని మీరు చూసే ఉంటారు.

మీ ఉత్తరాల్లో పిల్లల సంగతులు వదిలేసి, షెరీఫ్ కుక్కనీ ఓపల్ గారి కషాయాన్నీ మాత్రం రాత్రి భోజనం దగ్గర మా ఇంట్లో చదివి వినిపిస్తుంటాను. మొన్న ఉప్పు డబ్బా పేజీ వదిలేసి, నేనింకా చదవని తరవాతి పేజీ తీశాను. అందులో పిల్లల సంగతులేవీ ఉండవనుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నీలం కోటు దగ్గరికి వచ్చాక నా గొంతు నెమ్మదించింది, కానీ ఆగలేకపోయాను. కోటు గుండీల దాకా చదివేశాను. బల్లకి అవతల మా అమ్మాయి నెల్ చెంచా కింద పెట్టేసింది. నీలం కోటు వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

బడి అయ్యాక రోజూ నా ఆఫీసు వరండాలోనే కూర్చుంటుంది. శ్రద్ధ తక్కువ అని టీచర్లు రాస్తే, నేనూ అదే మాట అన్నాను. ఒక్కోసారి గట్టిగానే అన్నాను.

"ఎప్పటినుంచమ్మా?" అని అడిగాను.

"రెండో తరగతి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఫైలు పెట్టాలి కదా నాన్నా. పిల్లల్ని వెతికేవాడి కూతురికే ఇలాగని అందరూ నిన్ను చూసి నవ్వుతారు."

నాలుగేళ్లు నా పరువు కాపాడిందండీ ఆ పిల్ల. స్నేహితురాలు ఫోనులో పాఠాలు చదివితే, విని గుర్తు పెట్టుకుంటూ. ఇద్దరం అక్కడే కూర్చున్నాం, సూపు చల్లారిపోయింది. మా ఆవిడ వచ్చి దీపం వేసి, సూపు మళ్లీ వేడి చేసింది.

చీవాట్లు మీ మాటగా పెట్టమన్నారు. పెట్టాను. అందినాయి.

నెల్‌ని నేను పరీక్షించకూడదు. పక్క కౌంటీ నుంచి ఒకావిడ వస్తారు. కోరీని ఒకసారి చూడాలని నెల్ అంటోంది. మీకు వీలైతే శనివారం తీసుకొస్తాను.

మీ
లీలండ్

తా.క.: అంగీకార పత్రం నిన్న మా ఇంటికి వచ్చింది. పదకొండేళ్లుగా ఎంతోమంది తల్లిదండ్రులకి ఎక్కడ సంతకం పెట్టాలో నేనే చూపించాను. నిన్న పెన్ను పట్టుకుని ఆరు పేజీలూ అటూ ఇటూ తిప్పుతూ కూర్చుండిపోయాను. నెల్ వచ్చి, నా భుజం మీదుగా వంగి, "అక్కడ నాన్నా, ఆ గీత మీద" అని వేలు పెట్టి చూపించింది.